ఇంటికొచ్చిన కాంట్రా

పదకొండు దాటింది. రేపు ఫస్ట్ పీరియడ్ నాదే, స్లిప్ టెస్ట్ పేపర్లు సగం అట్లాగే ఉన్నాయి. అయినా ఇది రాసుకోకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

మా అన్న తన కొడుకు చింటుకు గేమ్ స్టిక్ కొనిచ్చిన సంగతి మొన్న రాశాను కదా. టీవీ వెనక గుచ్చుకునేది, రెండు వైర్‌లెస్ రిమోట్లు, పదివేల ఆటలని డబ్బా మీద పెద్దక్షరాలు. సాయంత్రం తండ్రీకొడుకులిద్దరూ దాన్ని పట్టుకుని వచ్చారు. "అత్తా, నీకు కాంట్రా అంటే పానమట కదా, నాన్న చెప్పిండు" అని వాడు అనగానే పొయ్యి మీది చాయ్ మా ఆయనకు అప్పజెప్పి వచ్చి కూర్చున్నాను.

వాడు తెరిచిన కాంట్రా చిన్నప్పుడు మేం ఇంట్లో టీవీ గేమ్ మిషన్‌లో కేసెట్ పెట్టి ఆడింది కాదు. పేరు అదే, మొదట్లో అడవి అదే, తుపాకులు పట్టుకున్న ఇద్దరు మనుషులూ వాళ్ళే. కానీ ఇద్దరూ అడ్డంగా సాగిపోయి ఉన్నారు, రంగులు వేరు, పాట కూడా ఎక్కడో తేడా కొడుతోంది. "ఇది కాదురా, మన కాంట్రా పెట్టు" అన్నాను. అన్న సోఫాలో వెనక్కి వాలి, "అసలుది గదే. మేం షాపుల ఆడింది గదే. మీ అత్త ఆడింది దాన్ని చూసి ఇంటి కోసం చేసింది" అని కొడుకుకు చెప్పాడు.

ఆ మాట ఇప్పటిదాకా వదలట్లేదు. తప్పు మాటైతే అప్పుడే పోట్లాడేదాన్ని. లెక్క ప్రకారం నిజమే. కొనామి వాళ్ళు 1987లో కాంట్రాను కాయిన్ వేసి ఆడే మిషన్‌గా వదిలారు, కేసెట్ వచ్చింది 1988లో. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

ముందు ఆ స్టిక్ గురించి చెప్పాలి. పదివేల ఆటలట. ఒకే ట్యాంక్ ఆట వేర్వేరు పేర్లతో మళ్ళీ మళ్ళీ వస్తుంది, మధ్యలో కొన్ని తెరుచుకోనే తెరుచుకోవు. పిల్లవాడు జాబితాలో పైకీ కిందికీ తిరగడంలోనే అలిసిపోతాడు. ఆట మొదలయ్యాక ఇంకో బాధ. దూకు అని బటన్ నొక్కితే, ఒక్క క్షణం ఆగి దూకుతాడు. కాంట్రాలో ఆ ఒక్క క్షణమే ప్రాణం. ఇప్పటి టీవీలు బొమ్మను సవరించి, మెరుగులు దిద్ది అప్పుడు చూపిస్తాయి కాబట్టి ఆలస్యం. మా పాత డయనోరా టీవీకి ఈ రోగం లేదు, వచ్చింది వచ్చినట్టు చూపించేది. చింటు వరసగా చచ్చిపోయి "ఈ ఆట మంచిగ లేదు అత్తా" అన్నాడు. ఆట బాగా లేకపోవడం కాదురా, నీకు దాన్ని సరిగ్గా ఇవ్వలేదు. వాడి వయసు పిల్లలకు ఒక ఆట మీద మనసు పడాలంటే మొదటి పది నిమిషాలే ముఖ్యం. ఆ పది నిమిషాలను పాడుచేసే వస్తువును అంత డబ్బు తీసుకుని అమ్ముతున్నారే అని నాకు నిజంగా కోపం వచ్చింది.

బొమ్మ అడ్డంగా సాగడానికి కారణం తర్వాత తెలిసింది. కాంట్రా మిషన్ తెర నిలువుగా ఉంటుంది. ఆ నిలువు బొమ్మను పట్టి గుంజి మా టీవీ వెడల్పంతా పరిచింది ఈ స్టిక్. దాన్ని చూపించి "అసలుది గదే" అంటాడు మా అన్న!

మా కేసెట్ కాంట్రా అట్లా గుంజి చేసింది కాదు. ఇంటి టీవీ అడ్డంగా ఉంటుంది కాబట్టి కొనామి వాళ్ళే కూర్చుని ఆటను మళ్ళీ కట్టారు. ఎదురొచ్చేవాడు కాస్త దూరం నుంచే కనిపిస్తాడు, దూకే చోట్లన్నీ లెక్కగా ఉంటాయి. ఎస్ అక్షరం దొరికితే తుపాకి గుండ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి, అది చేతిలో ఉండగా చావకూడదనే టెన్షన్ ఆఖరి స్టేజ్ దాకా. పైగా ముప్పై లైఫ్‌ల కోడ్. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. ఇది మిషన్ కాంట్రాలో లేదు. ఈ కోడ్ పుట్టిందే ఇంటి కేసెట్ కోసం. 1985 నాటి గ్రేడియస్ అనే మిషన్ ఆటను ఫ్యామికామ్ అనే ఇంటి గేమ్ మిషన్‌కు మారుస్తున్నప్పుడు కజుహిసా హషిమోటో అనే ఆయనకు ఆట పరీక్షించి చూడటం కష్టమైంది, అంత గట్టి ఆట. అందుకని తన కోసం పెట్టుకున్న దొడ్డిదారి అది. 1986లో కేసెట్‌తో పాటు బయటికొచ్చింది. ఆయన 2020లో పోయారు. షాపులో ఒక్క రూపాయికి మూడు ప్రాణాలు లెక్కపెట్టి ఇచ్చే లోకం ఒకటి, ముప్పై ఇచ్చి చివరిదాకా చూడనిచ్చే ఇల్లు ఒకటి. నాకు రెండోదే కావాలి.

ట్యాంక్ ఆట అయితే మాట్లాడే పనే లేదు. అసలు పేరు బ్యాటిల్ సిటీ, నామ్కో వాళ్ళు 1985లో ఫ్యామికామ్ కోసం చేశారు. దానికి మూలం 1980 నాటి ట్యాంక్ బెటాలియన్ అనే మిషన్ ఆట. అందులో ఉన్నవి ఇటుక గోడలే, ఇద్దరు ఒకేసారి ఆడటానికీ లేదు. ఇంటికొచ్చేసరికి నీళ్ళు, మంచు, చెట్లు, ఉక్కు గోడలు వచ్చాయి. పక్కన ఇంకో మనిషికి చోటు వచ్చింది. మన గుండు మనవాడికే తగిలితే వాడు కాసేపు కదల్లేక నిలబడిపోతాడు. దాని మీద మా ఇంట్లో ఎన్ని కొట్లాటలో! కన్‌స్ట్రక్షన్ అని పెడితే మన మ్యాపు మనమే కట్టుకోవచ్చు. మొత్తం మీద ఇంటి ఆట మూలాన్ని మించిపోయింది.

ఇంతవరకు రాసి, ఒక పని చేశాను. స్టిక్ ఆదివారం దాకా నా దగ్గరే ఉంచమని చింటును అడిగి ఉంచుకున్నాను. మా ఆయన పడుకున్నాక సౌండ్ తగ్గించి మళ్ళీ పెట్టాను. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఆలస్యం చాలావరకు తగ్గింది. స్టిక్ సెట్టింగుల్లో ఆటను దాని సొంత కొలతలో చూపించే ఆప్షన్ కూడా దొరికింది. ఇప్పుడు మిషన్ కాంట్రా తెర మధ్యలో నిలువుగా, సన్నగా నిలబడింది. బాగుంది. చాలా బాగుంది. అడవి చిక్కగా ఉంది, పాటలో లోతు ఉంది. మా కేసెట్‌లో వినిపించని వరసలు వినిపించాయి. అన్న కుర్రతనంలో ఆ తెర ముందు నిలబడి ఏం చూశాడో మొదటిసారి అర్థమైంది.

కాబట్టి ఇంటి ఆటలన్నీ గొప్పవని పైన రాసిన ధోరణి అంత నిలబడదు. ఇంటికొచ్చే దారిలో పోయినవీ ఉన్నాయి. 1983 జూలైలో జపాన్‌లో ఫ్యామికామ్ అమ్మకానికి వచ్చిన రోజే దానితో వచ్చిన మూడు ఆటల్లో డాంకీ కాంగ్ ఒకటి. మిషన్‌లో నాలుగు స్టేజ్‌లు, కేసెట్‌లో మూడే. బెల్టుల మీద తట్టలు పోతుండే స్టేజ్ మొత్తం ఎగిరిపోయింది, ఉన్న 24 కిలోబైట్ల చోట్లో పట్టక. అటారీ 2600 అనే ఇంకో ఇంటి గేమ్ మిషన్‌కు 1982లో చేసిన ప్యాక్‌మ్యాన్ ఇంకా అన్యాయం. ఆ మిషన్ మెమరీ 128 బైట్లు, కేసెట్ 4 కిలోబైట్లు. నాలుగు దయ్యాలను ఒక్కసారి గీయలేక ఒకదాని తర్వాత ఒకటి గీసింది, అందుకే అవి మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. అదే మిషన్‌కు మరుసటి ఏడాది మిస్ ప్యాక్‌మ్యాన్ చేసినప్పుడు 8 కిలోబైట్లు ఇచ్చారు, ఎంతో బాగా వచ్చింది. చోటు ఇచ్చి, మనసు పెట్టి చేస్తే ఇల్లు గెలిచింది. తొందరపడి అమ్ముకుంటే ఓడింది.

ఇది కూడా నేను చెప్పాలనుకున్నది కాదు. అన్న మాటలో నాకు గుచ్చుకున్నది "షాపుల ఆడింది" అనే ముక్క.

నల్లగొండలో అప్పుడు మా సందు చివర వీడియో గేమ్ షాపు ఉండేది. ముందు ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉండేది, లోపల చీకటి, బీడీ వాసన, తెరల వెలుతురు. అన్న బడి నుంచి అటే పోయేవాడు. అమ్మాయిలు రాకూడదని బోర్డు లేదు, ఎవరూ నోటితో అనలేదు కూడా. కానీ ఒక్క అమ్మాయి లోపలికి పోవడం నేను చూడలేదు. ప్రకాశం బజార్ నుంచి కూరగాయలు తెస్తున్నప్పుడు అమ్మ నన్ను అక్కడ ఆపి "పోయి అన్నను పిలువు" అనేది. నేను గుడ్డ ఒక పక్కకు జరిపి, గడప ఇవతలే నిలబడి "నాయన పిలుస్తుండు" అని అరిచేదాన్ని. నాయన పిలుస్తున్నాడంటే తప్ప కదిలేవాడు కాదు. వాడు "ఒక్క నిమిషం" అన్నంతసేపూ నాకు తెర కనిపించేది. ఆ ఒక్క నిమిషం ఎంత సాగితే అంత మంచిదని ఉండేది నాకు. అమ్మ వెనక నుంచి విసుక్కుంటుంటే కూడా రెండోసారి పిలిచేదాన్ని కాదు.

అట్లా చూసిందే ముస్తఫా. మన దగ్గర అందరూ ముస్తఫా అనేవాళ్ళు. క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని పేరు, క్యాప్‌కామ్ 1993లో వదిలిన మిషన్. నలుగురిలో ఒకరిని ఎంచుకోవాలి, మా ఊరి పిల్లలందరికీ టోపీ పెట్టుకున్న ముస్తఫానే కావాలి, పరిగెత్తుకొచ్చి ఎగిరి తన్నుతాడు కాబట్టి. అన్న రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు ఆ రోజు ఎక్కడిదాకా పోయాడో చెప్పేవాడు. ఎవడు ఎట్లా వచ్చాడు, డైనోసార్ ఎప్పుడు కోపానికొస్తుంది, కారు స్టేజ్‌లో మనుషులను ఎట్లా గుద్దుకుంటూ పోవాలి. చేతులతో చేసి చూపించేవాడు. నేను ఆ ఆటంతా విన్నాను. నాయనమ్మ కూడా విన్నది, "ఆ రాకాసి చచ్చిందా లేదా" అని మర్నాడు అడిగేది.

తర్వాత వేసవిలో పెదనాయన కొడుకు కోఠిలో టీవీ గేమ్ కొనుక్కొచ్చి, నెల తిరక్కముందే డిగ్రీ పరీక్షలని మా ఇంట్లో వదిలేసి పోయాడు. ఫ్యామికామ్‌కు నకలు మిషన్, పసుపు రంగు కేసెట్. అప్పుడు ఆట మా ఇంటికొచ్చింది, అన్నకు రెండో రిమోట్ పట్టుకునే మనిషి కావాల్సి వచ్చింది. షాపులో దోస్తులు ఉండేవాళ్ళు. ఇంట్లో, మధ్యాహ్నం రెండింటికి, ఎండలో ఎవరొస్తారు? నేనే. ముప్పై లైఫ్‌ల కోడ్ ఎవరో చెబితే వాడు లెక్కల నోటుబుక్ వెనక రాసుకొచ్చాడు, నేను చూసి నేర్చుకుని వాడికంటే తొందరగా కొట్టేదాన్ని. జలపాతం స్టేజ్‌లో వాడు ఆగకుండా పైకి దూకుతూ పోయేవాడు, తెర పైకి జరిగి కింద ఉన్న నేను చచ్చేదాన్ని. "ఆగు అన్నా" అని ఏడ్చేదాన్ని. నెమ్మదిగా వాడే ఆగడం నేర్చుకున్నాడు. వేసవి అయిపోయేసరికి, ఆగమని వాడే నన్ను అడిగేవాడు.

ముస్తఫా మాత్రం ఆ పసుపు కేసెట్లలో ఎప్పుడూ దొరకలేదు. ఆ ఆటకు ఇంటి కేసెట్ రానే లేదు. ఆ పేరుతో సెగా సీడీ అనే వేరే ఇంటి మిషన్‌కు ఒకటి వచ్చింది కానీ అది వేరే కార్ల ఆట. అంటే షాపు గడప దాటలేని వాళ్ళకు ముస్తఫా లేనే లేదు. అసలుది ఏది, చూసి చేసింది ఏది అన్నది అన్నకు లెక్క అవుతుంది, వాడికి రెండూ దొరికాయి కాబట్టి. నాకు కాంట్రా దొరికింది ఇంట్లో ఒక్కచోటే.

ఇందాక ఆ పదివేల జాబితాలో ముస్తఫా ఉంది. షాపు మిషన్‌లోదే. సాయంత్రమంతా నేను తిట్టిన ఈ స్టిక్‌లోనే. ఒక బటన్ నొక్కితే కాయిన్ పడుతుంది, ఎన్నైనా పడతాయి. టోపీ అతన్ని తీసుకున్నాను. మొదటి స్టేజ్‌లో రెండు కాయిన్లు పోయాయి, కారు స్టేజ్ దాకా వెళ్ళాను. అన్న చెప్పినట్టే ఉంది, గుద్దుతూ పోవడమే. డైనోసార్లు మాత్రం వాడు చేతులతో చూపించినంత పెద్దగా లేవు.

"కారు స్టేజ్ అయిపోయింది" అని అన్నకు మెసేజ్ పెట్టాను. వెంటనే చూశాడు. "ఇంకా పడుకోలేదా? తర్వాత వచ్చేటోడు కష్టం, వాడిని దగ్గరికి రానియ్యకు" అని రాశాడు. ఆ తర్వాత ఇంకో మెసేజ్, "ఆదివారం నేనూ వస్త."

స్టిక్ మీద కోపం పూర్తిగా పోలేదు. ఆదివారం లోపల చింటు కోసం ఒక చిన్న జాబితా రాసి పెడతాను, తెరుచుకోని వాటిని వదిలేసి, మళ్ళీ మళ్ళీ వచ్చేవాటిని కొట్టేసి. మొదట ట్యాంక్ ఆట, వాడితో అందులో మనం కాపాడాల్సిన గద్ద బొమ్మ చుట్టూ ఉక్కు గోడ కట్టించాలి. తర్వాత మా కాంట్రా, ముప్పై లైఫ్‌లతో. అది పూర్తయ్యాకే నిలువు కాంట్రా. ముస్తఫా అన్నకూ నాకూ, పిల్లలు పడుకున్నాక.

పేపర్లు ఇంకో పద్దెనిమిది మిగిలాయి. నాలుగు దిద్ది పడుకుంటాను.