కెర్నవేలో ఉప్పు దిష్టి

లిథువేనియా రాజధాని విల్నియస్ నుంచి కెర్నవే 35 కిలోమీటర్లే, మన విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళినంత. జూన్ 23 సాయంత్రం అక్కడ రసోస్ అనే నడివేసవి పండగ చూద్దామని మా అమ్మాయి అంటే, అందుకే సరేనన్నాను. బస్సులో కాలు పెట్టే సందు లేదు. చేతిలో పూల దండలు, సంచుల్లో రొట్టెలు పెట్టుకున్న జనం మధ్య దారి పొడుగునా నిలబడే వెళ్ళాం. మోకాళ్ళ నొప్పుల మనిషిని కదా, దిగేసరికే నాకు పండగ మీద సగం మోజు పోయింది.

మిగతా సగం అమ్మాయి ఆఫీసు స్నేహితురాలు పోగొట్టింది. మాకోసం ముందే వచ్చి నిలబడి, నవ్వుతూ "మీరూ మాలాగే పేగన్లే కదా!" అంది. ఆ పిల్ల మంచిగానే అంది గానీ నాకు చురుక్కుమంది. తమవాళ్ళు కానివాళ్ళందరినీ చర్చి ఒకే గాటన కట్టి పెట్టిన పేరది. మమ్మల్నెందుకు అందులో కలపడం? వీళ్ళు మాత్రం ఆ పేరే ఇష్టంగా తగిలించుకుంటున్నారు. యూరప్‌లో అందరికంటే ఆఖరున, 1387లో గానీ ఈ దేశం క్రైస్తవంలోకి రాలేదట. అది వీళ్ళకి గొప్ప.

కెర్నవేలో నేరిస్ నది ఒడ్డున అయిదు మట్టి దిబ్బలున్నాయి, ఒకప్పటి కోటలు. చెక్క మెట్లెక్కి పైకి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఎండ ఇంకా కళ్ళలోకే కొడుతోంది. ఆకలేసి వెల్లుల్లి రాసి వేయించిన నల్ల రొట్టె ముక్కలు కొంటే 6 యూరోలు. ఆరు వందలు! వద్దనుకుంటూనే లెక్క కట్టాను, కట్టాక ఇంక రుచి తెలియలేదు.

ఆడవాళ్ళ తలల మీద పూల కిరీటాలు, మగవాళ్ళకి ఓక్ ఆకులవి. సోవియట్ల కాలంలో, 1967లో, కొందరు కుర్రాళ్ళు ఈ దిబ్బల మీదే రసోస్‌ని మళ్ళీ మొదలుపెట్టారట. పాత మతాన్ని నిలబెట్టాలని చూసే రొమువా అనే సంఘం అక్కణ్ణుంచే పుట్టింది. ప్రభుత్వ గుర్తింపు కోసం ఏళ్ళ తరబడి తిరిగితే 2019లో పార్లమెంటు కాదంది. 2021లో స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు వీళ్ళ పక్షాన తీర్పిచ్చింది. చివరికి 2024 డిసెంబరులో గుర్తింపు వచ్చింది. ఇదంతా అమ్మాయి చెబుతుంటే వింటూ కూర్చున్నాను. వాళ్ళ భాషలో నిప్పు 'ఉగ్నిస్', దేవుడు 'దియెవాస్', మంచుబిందువు 'రస' అని కూడా చెప్పింది. ఈ ముక్క వాట్సాప్‌లో పెడితే మా బంధువులు లిథువేనియన్ సంస్కృతానికి కూతురని తేల్చేస్తారు. కూతురు కాదు, దూరపు అక్కచెల్లెళ్ళు, అంతే.

చీకటి పడుతుండగా మంట వెలిగించారు. నార బట్టలు కట్టుకున్న ఒక పెద్దావిడ గిన్నె పట్టుకుని వరసలో అందరికీ ఏదో పంచుతోంది. ప్రసాదమనుకుని చెయ్యి చాచాను. ఉప్పు! ఒక్కొక్కరే వెళ్ళి దాన్ని మంటలో వేస్తున్నారు. నిప్పు వాళ్ళకి దేవత, పేరు గాబియా. "తిని తృప్తి పడు తల్లీ" అంటూ ఉప్పు పెడతారట.

మంటలో ఉప్పు చిటపటలాడింది. ఆ చప్పుడు వినగానే నాకు మా నాయనమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ గుప్పెట్లో కల్లుప్పు మా తలల చుట్టూ తిప్పి కట్టెల పొయ్యిలో వేసేది. ఎంత గట్టిగా పేలితే అంత దిష్టి తగిలినట్టు. వీళ్ళది నైవేద్యం, మనది దిష్టి. రెండూ ఒకటి కాదని తెలుసు, కానీ చప్పుడు అదే.

ఇది పుస్తకాల్లో చూసి నేర్చుకున్నారా, ఇంట్లో ఉన్నదేనా అని అమ్మాయి చేత అడిగించాను. పెద్దావిడ మొహమాటపడలేదు. పాటలు చాలావరకు పెద్దయ్యాక నేర్చుకున్నవేనంది. వాళ్ళ అమ్మమ్మ మాత్రం ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. అయినా రాత్రిళ్ళు పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి, శిలువ గుర్తు వేసి, గాబియాని నిద్రపుచ్చేదట. విజయవాడలో మా ఇంట్లో ఇప్పుడున్నది ఇండక్షన్ స్టవ్.

నా వంతు వచ్చింది. ఏమనుకున్నానో ఏమో, అమ్మాయిని లాగి ముందు నిలబెట్టి, తల చుట్టూ మూడుసార్లు తిప్పి మరీ వేశాను. "అమ్మా, అందరూ చూస్తున్నారు" అని అది గొణిగింది. చూస్తున్న మాట నిజమే. పెద్దావిడ ఇంకో గుప్పెడు ఉప్పు నా చేతిలో పోసింది. రెండోసారీ వేశాను, బాగా పేలింది.

రాత్రి ఒంటిగంటకి తిరుగు బస్సు దొరకలేదు. దొరికిన టాక్సీ 55 యూరోలు లాగింది. దారంతా అమ్మాయి నవ్వుతూనే ఉంది: "దిష్టి నాకు కాదమ్మా, నీ పర్సుకి తీయాల్సింది."