ఎమ్మారైలో మెరిసిన మచ్చ

గ్లయోబ్లాస్టోమా, అంటే మెదడులో త్వరగా పెరిగే క్యాన్సర్ కణితి అని బయాప్సీ రిపోర్టులో చూసిన రోజు కంటే, రేడియేషన్ పూర్తయ్యాక తీసిన మొదటి ఎమ్మారై రోజే నేను ఎక్కువ భయపడ్డాను. ఆ సంగతే రాస్తున్నాను.

ఆపరేషన్ అయింది. తర్వాత ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చినట్టే 30 సిట్టింగుల్లో 60 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) రేడియేషన్, దాంతో పాటు రోజూ పరగడుపున టెమోజోలమైడ్ అనే కీమో మాత్ర. ఒక పక్క జుట్టు ఊడింది. అవన్నీ ఎలాగో గడిచిపోయాయి.

కొన్నాళ్ళకు ఎమ్మారై. స్కాన్ అయ్యాక నేను చెప్పులు వేసుకుంటుంటే అక్కడ పనిచేసే అబ్బాయి మా ఆయనతో, "పెద్దదైంది సార్, మళ్ళీ వచ్చేసినట్టుంది" అన్నాడు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు. నాకు వినపడదనుకున్నాడో, వినపడితే ఏంటనుకున్నాడో! ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డాక్టరు గారు మర్నాటి దాకా దొరకరు. స్టెరాయిడ్ మాత్రలతో అసలే నిద్ర లేదు. అర్ధరాత్రి కుడి చేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఫిట్స్ వస్తోందేమోనని గుప్పిట మూస్తూ, తెరుస్తూ కూర్చున్నాను. పక్క గదిలో పాప పుస్తకం మీదే తల పెట్టి నిద్రపోయింది. బీరువా తాళం ఎక్కడుందో, పాలసీ కాగితాలు ఏ సంచిలో ఉన్నాయో అక్కకు చెప్పబోయాను. "నోర్ముయ్యవే, డాక్టరు గారు చెప్పేదాకా నువ్వేం చెప్పకు" అని కసిరి, తెల్లారేదాకా నా అరికాళ్ళకు కొబ్బరి నూనె రాస్తూనే ఉంది. ఆ రాత్రి అక్క లేకపోతే ఏమైపోయేదాన్నో.

పొద్దున డాక్టరు గారు ఓపికగా బొమ్మ గీసి చెప్పారు. ఎమ్మారైలో నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు మెరిసిందంటే అక్కడి రక్తనాళాల నుంచి మందు బయటికి కారుతోందని అర్థం. కణితి పెరిగినా కారుతుంది, రేడియేషన్‌కు వాచినా కారుతుంది. రేడియేషన్ తర్వాత మొదటి 3 నెలల్లో ఈ తికమక ఎక్కువట. వాపే కణితి పెరిగినట్టు కనిపించడాన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు. "సైజు చూస్తే తేలదమ్మా, అది ఏం తింటోందో చూడాలి" అన్నారు.

మామూలు పెట్ స్కాన్‌లో గ్లూకోజ్ లాంటి మందు ఎక్కిస్తారు. బరువులో 2 శాతమే ఉన్నా మెదడు ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం వాడేస్తుంది కాబట్టి అందులో మెదడంతా వెలుగుతుంది, కణితి కలిసిపోతుంది. అందుకని నాకు ఎఫ్-డోపా అనే అమైనో ఆమ్లం మందుతో పెట్ తీశారు. మామూలు మెదడులో చాలా భాగం దాన్ని పెద్దగా తీసుకోదు, పెరిగే కణితి మాత్రం ఆబగా లాక్కుంటుంది. నా మచ్చ లాక్కోలేదు. మెదడులోని రసాయనాలను ఎమ్మారైతోనే కొలిచే స్పెక్ట్రోస్కోపీలో, కణితి పెరిగితే ఎక్కువయ్యే కోలిన్ కూడా పెరగలేదు. "చాలావరకు ఇది వాపే, మాత్రలు ఆపొద్దు" అన్నారు డాక్టరు గారు. లేనిపోని భరోసా ఇవ్వకుండా "చాలావరకు" అన్నందుకే ఆవిడంటే నాకు గౌరవం. తర్వాతి ఎమ్మారైలో మచ్చ చిన్నదైంది.

ఇంకో మాట. పంచదార, అన్నం మానేస్తే కణితి మాడి చస్తుందని చుట్టాలు నా కంచం లాగేయబోయారు. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్ విపరీతంగా వాడతాయని 1920ల్లోనే ఒట్టో వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త చెప్పిన మాట నిజమే. కానీ మనం తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. నీరసపడేది మనమే. స్టెరాయిడ్‌తో షుగర్ పెరిగితే అది వేరే సంగతి, దానికి డాక్టరు చెప్పినట్టు చేయాలి. దయచేసి పేషెంట్ల కడుపు మాడ్చకండి.

అమ్మ కోటప్పకొండకు మొక్కుకుంది. వెళ్ళి తీర్చుకున్నాం. త్రికోటేశ్వరుడి దయ ఉందనే నా నమ్మకం. ఈ జబ్బు తిరగబెడుతుందని నాకు తెలుసు, అందుకే స్కాన్ ఒక్కటి కూడా తప్పించను. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ ఎమ్మారై ఉంది. స్కాన్ గదిలో ఎవరైనా నోరు తెరిస్తే, "మా డాక్టరు గారి దగ్గరే వింటాం" అని ఆపేయమని ఆయనకు ఇప్పుడే చెప్పి పెట్టాను.