మూడు రోజుల ట్రైనింగు, ఒక్క పిల్లాడూ లేడు

మొన్నటి ట్రైనింగులో నాకు గుర్తుండిపోయింది పీపీటీలు కాదు, వెనక వరసలోంచి ఒక సీనియర్ మేడమ్ లేచి అడిగిన ప్రశ్న. "సార్, నాకు క్లాసుకి వారానికి ఒక్క లైబ్రరీ పీరియడ్. నలభై మంది పిల్లలు, గోడకి ఒక టీవీ. పిల్లల దగ్గర ఫోన్లుండవు, ఉండకూడదు కూడా. ఇవన్నీ విన్నాక సోమవారం పొద్దున క్లాసులోకెళ్లి నేనేం చెయ్యాలి?" సార్ కాసేపు ఆగి, "ఈ పీపీటీ గ్రూపులో పెడతానమ్మా" అన్నారు. హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు, కూర్చుని సంచి సర్దుకున్నారు.

నేను తెలంగాణలో ఒక గురుకులంలో లైబ్రేరియన్‌ని. ట్రైనింగు పేరు ఘనంగానే ఉంది, డిజిటల్ వనరులతో బోధన అని. మొదటి రోజు సగం శాలువాలకీ ఉపన్యాసాలకీ పోయింది, మిగతా సగం హెచ్‌డీఎంఐ కేబుల్ కోసం వెతకడానికి పోయింది. రెండో రోజు అందరం ఒకేసారి ఒక యాప్ తెరిచి రిజిస్టర్ కావాలన్నారు, అరవై మంది ఒక్క వైఫై మీద పడేసరికి ఓటీపీలు రాక, వచ్చినవాళ్లకి టైమైపోయి, టీ వచ్చింది, టీ తాగాం. మూడో రోజు దీక్ష (కేంద్రం వాళ్ల పాఠాల పోర్టల్), నేషనల్ డిజిటల్ లైబ్రరీ, టీ-శాట్ (తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానల్) వీడియోలు ఎక్కడ దొరుకుతాయో చూపించారు. అవన్నీ మంచివే, నేనూ వాడతాను. కానీ మూడు రోజుల్లో ఆ హాల్లోకి ఒక్క పిల్లాడు కూడా రాలేదు! ఈత నేర్పిస్తామని తీసుకెళ్లి గట్టు మీద మోటారు పంపు గురించి చెప్పి పంపినట్టయింది.

అసలు చిక్కు ఇంకా వెనక ఉంది. లైబ్రరీ సైన్సు చదివినవాళ్లకి పాఠం చెప్పడం ఎవరూ నేర్పలేదు. పుస్తకాల వీపు మీద వేసే వర్గీకరణ నంబర్లలో 398.2 అంటే జానపద కథలని, 894.827 అంటే తెలుగు సాహిత్యమని నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను, మా లైబ్రరీ సైన్సుకి పెద్దదిక్కు రంగనాథన్ గారి 1931 నాటి అయిదు సూత్రాలూ వరసగా అప్పజెబుతాను, కానీ ఏడో తరగతి ముందు నిలబడి నలభై నిమిషాలు ఏం చెయ్యాలో మా కోర్సులో లేదు. బీఈడీ చేసినవాళ్లకేమో క్లాసు నడపడం తెలుసు, లైబ్రరీని పాఠంలోకి ఎలా తేవాలో తెలీదు. చాలా మామూలు ప్రభుత్వ బడుల్లో లైబ్రేరియన్ పోస్టే ఉండదు, ఎవరో ఒక టీచరు మీద బీరువా తాళం చెవి పడుతుంది, పుస్తకం పోతే జీతంలో కట్ అవుతుందన్న భయంతో ఆయన ఆ తాళం తియ్యడు. ఆయన్ని నేనేమీ అనను, నేనైనా అదే చేస్తానేమో. మాకు పోస్టుంది కాబట్టి పీరియడూ ఉంది, అయితే ఎవరైనా సార్ సెలవు పెడితే మొదట పోయేది ఆ పీరియడే.

ట్రైనింగు నుంచి వచ్చిన వారానికి జరిగిందిది. సోషల్ మేడమ్ తెలంగాణలో జిల్లాలెన్నో రాసుకు రమ్మని ఏడో తరగతికి హోంవర్క్ ఇచ్చారు. పిల్లలు లైబ్రరీకొచ్చి తలా ఒక పుస్తకం తీశారు. ఒకడికి పది అని దొరికింది, ఇంకొకడికి ముప్పై ఒకటి, ఒకమ్మాయికి ముప్పై మూడు. కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. పదీ నిజమే, 2014లో రాష్ట్రం వచ్చినప్పుడు అంతే. 2016 దసరాకి ముప్పై ఒకటయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి ముప్పై మూడు. సరైన జవాబు చెప్పేసి పంపిస్తే ఒక నిమిషంలో అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకో ఆగి, "మూడు పుస్తకాలూ అబద్ధం చెప్పడం లేదు, మరి తేడా ఎందుకొచ్చిందో మీరే కనిపెట్టండి" అన్నాను.

పదిహేను నిమిషాలు పట్టింది. అట్ట చూశారు, వెనక అట్ట చూశారు, చివరికి ఒక పిల్ల లోపలి పేజీలో ముద్రణ సంవత్సరం పట్టుకుంది. లైబ్రేరియన్‌కి ఆ పేజీ అంటే అన్నం ముద్దతో సమానం, క్యాటలాగులో ఎక్కించేది దాన్ని చూసే, కానీ అన్నేళ్లలో ఒక్క పిల్లకి కూడా నేను దాన్ని తెరిచి చూపించలేదని అప్పుడు తట్టింది. తర్వాత టీవీలో నెట్ పెట్టి వెతికాం. తెలుగులో టైపు చెయ్యడం రాక మైకు నొక్కి అడిగారు, మైకు "జిల్లాలు" అన్నది సరిగ్గా వినక జిల్లేడు చెట్టు ఫొటోలు తెచ్చింది, అయిదు నిమిషాలు నవ్వులు. వచ్చిన పేజీల్లో తేదీ ఎక్కడుందో వెతికించాను. చాలావాటికి లేనే లేదు. ఒకదాంట్లో ముప్పై మూడూ ఉన్నాయి గానీ హనుమకొండ లేదు, వరంగల్ అర్బన్ అనే ఉంది. ఆ పేరు మారింది 2021లో. హనుమకొండ నుంచి వచ్చిన పిల్లాడొకడు "మేడమ్, మా జిల్లాని ఎత్తేశారు" అని పెద్ద గొడవ చేశాడు.

ట్రైనింగులో నాకు కావలసిందిది. ఏ వెబ్‌సైటు ఎక్కడుంది అన్నది కాదు, ఆ పదిహేను నిమిషాలు నోరు మూసుకుని నిలబడటం ఎలా అన్నది.

తర్వాత చుట్టుపక్కల గురుకులాల లైబ్రేరియన్లం అయిదుగురం ఫోన్లో మాట్లాడుకుని, ఒక రెండో శనివారం మా లైబ్రరీలో కలిశాం. ఆర్డరు లేదు, టీఏ లేదు, సర్టిఫికెట్ అంతకంటే లేదు. ప్రిన్సిపల్ గారిని అడిగితే "భోజనం మెస్‌లోనే తినండి" అన్నారు, అదే పెద్ద సాయం. షరతు ఒక్కటే, ప్రతి ఒక్కరూ నిజం పిల్లలకి ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలి, మిగతా నలుగురూ వెనక కూర్చుని చూడాలి. టెన్షన్ మామూలుగా లేదు. ఇరవై ఏళ్ల సర్వీసున్న సార్‌కి కూడా చేతులు వణికాయి.

మొదట వీడియో చూపించింది నేనే. ఆరు నిమిషాల వీడియో మొత్తం వేసి, చివర్లో "అర్థమైందా" అన్నాను. అందరూ "అయ్యింది మేడమ్" అన్నారు. వెనక కూర్చున్నావిడ (మొదట్లో చెప్పిన సీనియర్ మేడమ్ ఈవిడే) పిల్లల్ని కాగితం మీద గుర్తున్నది రాయమన్నారు. వెనకాల వచ్చిన పాట తప్ప ఏమీ రాయలేదు. ఆవిడ వంతు వచ్చినప్పుడు అదే వీడియో సౌండు తీసేసి వేసి, నలభై సెకన్లకి ఆపి, "ఇప్పుడేం జరుగుతుంది?" అని అడిగారు. ఇంకో నలభై సెకన్లు వేసి, "ఇది ఎవరు తీసుంటారు? ఎవరి కోసం?" అన్నారు. మొత్తం వీడియో అవ్వలేదు, రెండు నిమిషాలే అయ్యింది. కానీ బెల్లు కొట్టాక పిల్లలు లేవలేదు. పాజ్ బటన్ ఎక్కడ నొక్కాలో ముందే కాగితం మీద రాసుకొచ్చారామె, సమయాలతో సహా. ఇంత చిన్న సంగతి ఏ పీపీటీలోనూ చూడలేదు నేను.

ఇంకొక సార్ స్టోరీవీవర్ అనే సైటు నుంచి తెలుగు కథొకటి పెద్ద తెర మీద పెట్టి చదివించారు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లది, 2015 నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. డౌన్‌లోడ్ అన్న మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే పిల్లలు కూర్చున్నాక నెట్ పోయిందంటే ఆ పీరియడ్ ఇక దొరకదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, ముందు రోజు సాయంత్రం అదే టీవీలో పెట్టి చూసుకోండి, కొన్ని టీవీలు కొన్ని పెన్‌డ్రైవ్‌లని అస్సలు పట్టించుకోవు.

నెట్‌లో దొరికింది నమ్మొచ్చా లేదా అన్నదాని మీద ఒక పద్ధతి మేం పట్టుకున్నాం. స్టాన్‌ఫర్డ్‌లో 45 మంది మీద ఒక పరిశోధన చేశారు, చరిత్ర ప్రొఫెసర్లు, ఫ్యాక్ట్ చెకర్లు, విద్యార్థులు. ప్రొఫెసర్లు కూడా చాలామంది వెబ్‌సైటులోనే ఉండిపోయి, దాని లోగో, దాని పేరు చూసి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం వెంటనే బయటికొచ్చి వేరే ట్యాబుల్లో ఆ సైటు గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. దీన్ని పిల్లలకి ఎలా చెప్పాలని అనుకుంటుంటే ఒకావిడ అంది, "సంబంధం చూసేటప్పుడు అబ్బాయి వాళ్లింట్లోనే కూర్చుని అబ్బాయి మంచివాడేనా అని అడుగుతామా, పక్కింట్లో అడుగుతాం కదా." అంతే, మా లైబ్రరీలో దాని పేరు పక్కిల్లు. మా దగ్గర నలభై కంప్యూటర్లు లేవు. ఒక గుంపు పుస్తకాల ర్యాక్ దగ్గరికి, ఒక గుంపు పాత పేపర్ల కట్ట దగ్గరికి, ఇద్దరు నా కంప్యూటర్ దగ్గరికి వెళ్లి అడిగొస్తారు. ఏఐని కూడా ఒకసారి అడిగించాను, మా ఊరి చెరువు ఎవరు తవ్వించారని. ఎంతో ధీమాగా ఒక రాజుగారి పేరు చెప్పింది. పక్కిల్లు ఒక్కటి కూడా అవునని అనలేదు.

అన్నింటికంటే బాగా నడిచింది మాత్రం రికార్డింగే. తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్లాసులో గట్టిగా చదవమంటే నోరు విప్పదు. తల్లిదండ్రులు చూడటానికొచ్చిన ఆదివారం వాళ్ల యాడి (అమ్మ) దగ్గర కూర్చుని, నా ఫోన్లో లంబాడీలో ఒక కథ చెప్పించి రికార్డు చేసింది, తర్వాత తనే తెలుగులో చెప్పి దాని పక్కన పెట్టింది. రెండూ కలిపి నాలుగు నిమిషాలు. లైట్లార్పేసి విన్నాం. ముఖాలు తియ్యలేదు, స్టేటస్‌లో పెట్టలేదు, తల్లిని అడిగాకే క్లాసులో వినిపించాం. ఈ విషయంలో నేను కొంచెం మొండిదాన్నే, పిల్లల ఫొటోలు గ్రూపుల్లో పెట్టడమే డిజిటల్ బోధన అనుకునేవాళ్లతో నాకు ఇప్పటికే రెండు సార్లు మాటా మాటా అయింది.

సమగ్ర శిక్ష పథకంలో బడులకి లైబ్రరీ గ్రాంటు ఉంది, ప్రైమరీ బడికి ఏడాదికి 5,000 దాకా, పెద్ద బడికి 20,000 దాకా. పుస్తకాలొస్తాయి. వాటిని పాఠంలోకి తెచ్చే మనిషిని తయారుచెయ్యడానికి పెద్ద ఖర్చేమీ కాదు, ట్రైనింగు హాలుని ఒక బడి లైబ్రరీలోకి మార్చి ఎదురుగా ఒక క్లాసుని కూర్చోబెడితే చాలు. మూడు రోజుల్లో రెండు రోజులు మాతోనే పాఠం చెప్పించండి, తప్పులు పట్టండి, ఓటీపీల సంగతి ఇంట్లో చూసుకుంటాం.

జిల్లాల గొడవ తర్వాత పిల్లలు ఒక పని మొదలుపెట్టారు. పాత పుస్తకం దొరికితే, తేదీ కొట్టే స్లిప్పు కిందే ఇంకో చిన్న స్లిప్పు అంటిస్తున్నారు: "ఈ పుస్తకం 2015ది. ఇందులో జిల్లాలు 10. ఇప్పుడు 33." ఇంకొకదాని మీద, "ఇందులో ఆంధ్రప్రదేశ్ పక్షి పాలపిట్ట అని ఉంది. 2018 నుంచి రామచిలుక. పాలపిట్ట మనదే." పుస్తకాల మీద రాస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఇది తెలిసినవాళ్లకి తెలుసు. ఈసారి ఏమీ అనలేదు. పెన్ను తీసుకుని పెన్సిల్ ఇచ్చాను.