థాయ్‌లాండ్ బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: నా అనుభవం

ఒకే బడి, ఒకే తరగతి, ఒకే పాఠ్యపుస్తకం. జీతాలు మాత్రం రెండు. థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు టీచర్ల ప్రకటనలు చదవడం మొదలుపెట్టిన రోజే ఈ సంగతి తెలిసిపోయింది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టు ఉంటే నెలకు 35,000 నుంచి 40,000 థాయ్ బాట్లు. ఫిలిప్పీన్స్ వాళ్లకూ మనకూ 20,000 నుంచి 25,000. దక్షిణాఫ్రికాలో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుకునేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. అయినా ఆ దేశం జాబితాలో ఉంది. ఎం.ఏ. ఇంగ్లీషు, బీఎడ్ చేసి కాకినాడలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నేను లేను. కోపం వచ్చిన మాట నిజమే. దరఖాస్తులో దానికి గడి లేదు కాబట్టి పక్కన పెట్టాను.

అంతకుముందు కొరియా వైపు కూడా చూశాను. ఇంగ్లీషు బోధనకు అక్కడ ఇచ్చే ఈ-2 వీసా మామూలుగా ఆ ఏడు దేశాలవాళ్లకే. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం పుణ్యమా అని, టీచరు అర్హత ఉన్న భారతీయులు ప్రభుత్వ బడుల్లో సహాయక ఉపాధ్యాయులుగా చేరే వీలుంది. వీలు అయితే ఉంది గాని, నేను వెతికినంత కాలం మనవాళ్లను పిలిచిన ప్రకటన ఒక్కటీ కంటపడలేదు. గల్ఫ్‌లో సీబీఎస్‌ఈ బడులకు కొదవ లేదు. సముద్రం దాటి వెళ్లి మళ్లీ మన సిలబస్సే చెప్పడానికి మనసొప్పలేదు.

థాయ్‌లాండ్‌లో బడులు మే నెల మధ్యలో తెరుస్తారు, రెండో సెమిస్టర్ నవంబరులో మొదలవుతుంది. అందుకే నియామకాల హడావుడి అంతా మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ, మళ్లీ అక్టోబరులోనూ ఉంటుంది. మిగతా నెలల్లో పంపిన దరఖాస్తులకు నాకు జవాబే రాలేదు. ఫోటో లేని దరఖాస్తును అసలు తెరిచి చూడరని తర్వాత తెలిసింది. నిండుగా నవ్వుతున్న ఫోటో కావాలట. మనకేమో సర్టిఫికెట్ ఫోటో అంటే బిగుసుకుపోవడమే అలవాటు.

అసలు పని కాగితాల దగ్గర మొదలైంది. మనలో చాలామందిలాగే నా దగ్గరా ప్రొవిజనల్ సర్టిఫికెట్ మాత్రమే ఉంది; మన బడుల్లో ఏనాడూ ఎవరూ ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, అడగలేదు. థాయ్‌లాండ్‌లో ప్రొవిజనల్ అన్న మాటే అర్థం కాదు. పట్టా ఉందా, లేదా, అంతే. యూనివర్సిటీకి ఫీజు కట్టి, కౌంటర్ల చుట్టూ తిరిగి, చివరికి ఒరిజినల్ డిగ్రీ తెచ్చుకున్నాను. దాని మీద ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన థాయ్ కాన్సులేట్ ముద్ర. ఒక దేశం కాగితాలను మరో దేశం అపోస్టిల్ అనే ఒక్క ముద్రతో ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో భారత్ 2005లోనే చేరినా, నేను దరఖాస్తు చేసేనాటికి థాయ్‌లాండ్ చేరలేదు. కాబట్టి అపోస్టిల్‌తో పని జరగలేదు. విదేశాంగ శాఖ మన చేతి నుంచి నేరుగా కాగితాలు తీసుకోదు, అది గుర్తించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. వీటన్నిటి మధ్యా హాయిగా జరిగింది పోలీసు క్లియరెన్సు ఒక్కటే: పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో 500 రూపాయలు కట్టి, చెప్పిన రోజు వెళ్లి వచ్చాను.

ఇక ఇంటిపేరు గొడవ. పదో తరగతి మెమోలో, డిగ్రీ పట్టాలో నా ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. పాస్‌పోర్టులో పూర్తిగా, విడి గడిలో ఉంది. థాయ్ బడి ఆఫీసులో పనిచేసే ఆవిడ వీడియో కాల్‌లో రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని, ‘ఇందులో మీరు ఎవరు?’ అని చాలా మర్యాదగా అడిగింది. పొడి అక్షరం అంటే ఏమిటో ఆవిడకు చెప్పడం వ్యాకరణం చెప్పడం కన్నా కష్టమైంది. ఇద్దరూ నేనేనని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి పంపాను. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోలేదు గనుక సరిపోయింది, లేకపోతే ముగ్గురినని రాయించాల్సి వచ్చేది.

ఇంగ్లీషు వచ్చని రుజువు కూడా మనమే తెచ్చుకోవాలి. ఎక్కువ ప్రకటనల్లో టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 990కి 600 అడిగారు; ఐఈఎల్‌టీఎస్ ఉన్నా సరేనన్నవాళ్లున్నారు. నేను విజయవాడ వెళ్లి ఐఈఎల్‌టీఎస్ రాశాను. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, తొందరపడి ముందే రాసి పెట్టుకుంటే దండగ.

ఇంటర్వ్యూలో మాదిరి పాఠం చెప్పమన్నారు. తెర మీద ముగ్గురు టీచర్లు నాలుగో తరగతి పిల్లల్లా కూర్చున్నారు. ఒకాయన కావాలనే పెన్సిల్ కింద పడేసి బల్ల కిందికి దూరాడు. భూతకాలం చెబుతున్నాను కాబట్టి, ఇప్పుడు ఈయన ఏం చేశాడో చెప్పండి అని మిగతా ఇద్దరినీ అడిగాను. నవ్వారు. ఉద్యోగం అక్కడే ఖాయమైందని నా నమ్మకం. తర్వాత పడమరనూ (west) బనియన్‌నూ (vest) ఇంగ్లీషులో ఒకదాని వెంట ఒకటి పలకమన్నారు. మనకు రెంటికీ ఒకటే ‘వ’ అని వాళ్లకు బాగా తెలుసు. అద్దం ముందు పెదవులు సున్నాలా చుట్టి సాధన చేసి ఉన్నాను గనుక గట్టెక్కాను.

మధ్యలో ఒక ఏజెన్సీ తగిలింది. ప్రభుత్వ బడి, వెంటనే రండి, భారతీయులకు వీసా అక్కర్లేదు కదా, వచ్చాక చూసుకుందాం అన్నారు. వీసా లేకుండా వెళ్లేది పర్యటనకు, పనికి కాదు. పని చేయాలంటే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా, ఆపైన వర్క్ పర్మిట్ ఉండాలి. నాన్నకు చెబితే, ‘ఉద్యోగం ఇచ్చేవాడు కాగితం ఇవ్వడానికి ఎందుకు వెనకాడతాడమ్మా?’ అన్నారు. వద్దని రాసేశాను. పైగా ఏజెన్సీ ద్వారా వెళితే ఒప్పందం తరచు పది, పదకొండు నెలలకే ఉంటుంది. సెలవుల్లో జీతం ఉండదు.

నన్ను తీసుకున్నది థాయ్‌లాండ్ ఈశాన్యాన ఉన్న కోరాట్‌లోని ఒక ప్రైవేటు బడి. జీతం 25,000 బాట్లు, అప్పటి లెక్కన అరవై వేల రూపాయల పైమాట. పన్నెండు నెలలూ ఇస్తారు. వీసాకు కావలసిన ఆహ్వాన పత్రం, బడి లైసెన్సు, విద్యాశాఖ లేఖ వాళ్లే పంపారు. ఇక్కడికి వచ్చాక తొంభై రోజులకోసారి ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలపాలి, అది పెద్ద పని కాదు. పెద్ద పని కురుసపా, అంటే థాయ్ ఉపాధ్యాయ మండలి. టీచరు లైసెన్సు లేనివాళ్లకు అది రెండేళ్ల తాత్కాలిక అనుమతి ఇస్తుంది. బీఎడ్ ఉన్నవాళ్లకు పూర్తి లైసెన్సుకు దారి కాస్త దగ్గర. వట్టి డిగ్రీతో వచ్చినవాళ్లు పొడిగింపుల కోసం ఎదురుచూస్తూ ఉండాలి. అందుకే కాకినాడ నుంచి ఎవరైనా ఫోను చేస్తే, ఇంగ్లీషు ఎంత బాగా వచ్చో అడగను. బీఎడ్ చేశారా అని అడుగుతాను. చేశామంటే, ఓడీ తీసుకున్నారా అని.