ఆరె మొన వెంట చెన్నైలో రెండు రోజులు

నెల్లూరులో పినాకిని ఎక్కేటప్పుడే బ్యాగు పట్టీ కాస్త వదులైనట్టు అనిపించింది. చెన్నై సెంట్రల్‌లో దిగి పది అడుగులు వేశానో లేదో ఊడి చేతికొచ్చింది. లోపల మా అక్క కూతురి పెళ్ళి జాకెట్ల పట్టుబట్టలున్నాయి. టి.నగర్‌లో వర్క్‌కి ఇవ్వాల్సినవి. ఒకటే టెన్షన్. బ్యాగును చంకలో పెట్టుకుని రిప్పన్ బిల్డింగ్ దాటి పెరియమేట్ వైపు నడిచాను. తోలు వ్యాపారానికి పేరుపడ్డ పేట అది. అక్కడ కుట్టేవాళ్ళు లేకపోతే ఇంకెక్కడుంటారు?

సైడెన్‌హామ్స్ రోడ్డు పక్కన చెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నా వచ్చీరాని తమిళం రెండు ముక్కలు వినగానే, "తెలుగులోనే చెప్పమ్మా, మా ఇంట్లోనూ అదే" అన్నాడు. తమిళనాట తోలు పని చేసే అరుంధతియార్ కుటుంబాల్లో చాలామందికి ఇంటిభాష తెలుగే. చదివి తెలుసుకోవడం వేరు, ఊరుకాని ఊళ్ళో చెవిన పడటం వేరు. ప్రాణం లేచొచ్చింది.

ఆయన పని చేస్తుంటే వంగి చూశాను. చేతిలో కొయ్య పిడి, దానికి జానెడు కూడా లేని ఇనప మొన. ఆ మొన చివర చిన్న గంటు, కొక్కెంలా. కుడిచేత్తో పైనుంచి గుచ్చాడు. బ్యాగు లోపలున్న ఎడమచేయి మైనం పట్టించిన దారాన్ని ఆ గంటుకు తగిలించింది. పైకి లాగితే దారం ఉచ్చులా బయటికొచ్చింది. ఆ ఉచ్చులోంచి రెండో కొస దూర్చి బిగించాడు. లోపలి చేతిని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

"దీన్నేమంటారు పెద్దాయనా?"

"ఆరె గదమ్మా. తోలు కోసేది రంపె, గుచ్చేది ఆరె."

సంస్కృత నిఘంటువు అమరకోశంలో 'ఆరా చర్మప్రభేదికా' అని ఉంది. తోలును పొడిచి చీల్చేది ఆరా. చిన్నప్పుడు నాన్న వల్లె వేయించిన ముక్కే. ఆ ఆరాయే మన ఆరె. శ్లోకం నోటికొచ్చు గానీ వస్తువును చూపించినవాళ్ళు లేరు. ఎందుకు చూపిస్తారు? ఆరె పట్టిన చేతుల్ని ఊరి చివర ఉంచాం, వాళ్ళ పనిముట్ల పేర్లు మన వీధిలోకి రానివ్వలేదు. నలభై రూపాయలిచ్చి లేచానే గానీ మనసంతా అక్కడే ఉంది.

టి.నగర్ కొట్టుకు చిన్నమ్మ కూడా వచ్చింది. మేడమీద గదిలో మగ్గానికి బట్ట బిగించి ఇద్దరు బెంగాల్ కుర్రాళ్ళు కుడుతున్నారు. మనం మగ్గం వర్క్ అంటాం, ఇక్కడ బోర్డు మీద 'ఆరి వర్క్' అని ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే నా ఒళ్ళు జలదరించింది. అదే పిడి, అదే గంటు, కాకపోతే వెంట్రుకంత సన్నం. ఎడమచేయి బట్ట కిందే. పైనుంచి గుచ్చి, కింద దారం అందుకుని, ఉచ్చు పైకి లాగి, ఆ ఉచ్చులోనే మళ్ళీ గుచ్చుతున్నాడు. గొలుసు కుట్టు అలా సాగిపోతోంది. పొద్దున పెరియమేట్‌లో చూసిన చేతుల కదలికే ఇది.

ఆ పోలికకు కారణముంది. గుజరాత్‌లోని కచ్‌లో చెప్పులు కుట్టే మోచీలు తోలు మీద వాడే ఆరెనే సన్నం చేసి, పట్టుదారంతో బట్ట మీద పువ్వులు కుట్టారు. భుజ్ రాజుల ఇంటికి వాళ్ళే కుట్టేవారు. కొట్టువాళ్ళు జాకెట్ ఒక్కదానికి 9,000 అన్నారు, సరేనన్నాం. చెప్పులు కుట్టేవాళ్ళ విద్యకు ఇస్తున్న డబ్బని ఆ బోర్డు మీద ఎక్కడా రాసి లేదు. రాసి ఉండాలని నా కోరిక.

"ఇంతకీ మనం దబ్బనం అంటామే, అదేనా?" అని అడిగింది చిన్నమ్మ. కాదు. దబ్బనం పెద్ద సూది, దారం ఎక్కించే బెజ్జం వెనక ఉంటుంది, మనిషి దారంతో పాటు దాన్నీ అవతలికి లాగాలి. ఆరె అవతలికి పోదు. వెళ్ళి దారాన్ని తీసుకుని వెనక్కి వస్తుంది.

రాత్రి చిన్నమ్మ ఇంట్లో నిద్ర పట్టలేదు. ఋగ్వేదం ఆరో మండలం 53వ సూక్తం తీశాను. పూషుడనే దేవుణ్ణి 'పథస్పతే' అని పిలుస్తుంది, అంటే దారులకు అధిపతి. ఆయన చేతిలో ఉన్నది ఆరా! పిసినారులైన పణుల గుండెల్ని దానితో పొడవమని ఋషి వేడుకుంటాడు. ఇంగ్లీషువాళ్ళ 'ఆల్', జర్మన్ల 'ఆలె' కూడా ఈ ఆరాకు చుట్టాలే. హంగరీలో ఈ పనిముట్టును 'ఆర్' అంటారు. ఫిన్లాండ్ భాషలో ముల్లుకు, మొనకు 'ఓర' అనే మాట ఉంది. వేల ఏళ్ళ కిందట ఇండో-ఇరానియన్ భాషల నుంచి అరువు వెళ్ళిన మాట అది. దేవుడి చేతిలో ఉన్నప్పుడు పూజనీయం, మాదిగవాడి చేతిలో ఉంటే అంటు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

మర్నాడు ఎగ్మోర్ మ్యూజియంకు వెళ్ళాను. 1863లో పల్లావరంలో రాతి పనిముట్టును గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ సేకరణ ఇక్కడికే చేరింది. అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా బిల్లసర్గం గుహల తవ్వకాల్లో దొరికాయని ఆయన చెప్పిన ఎముక పనిముట్ల జాబితాలో ఆరెలూ ఉన్నాయి. ఇనుము రాకముందు ఎముకతోనూ గుచ్చారన్నమాట.

సాయంత్రం బండికి గంట ముందే పెరియమేట్ వెళ్ళాను. పెద్దాయనకు పూషుడి సంగతి, హంగరీ సంగతి చెప్పాను. చేతిలో పని ఆపి విన్నాడు. తర్వాత పిడి తుడిచి ఆరె నా చేతికిచ్చాడు. అనుకున్నదానికంటే తేలిక. కొయ్య నల్లబడి నున్నగా ఉంది, బొటనవేలు ఆనేచోట గుంట పడింది. నా వేలు అందులో సరిగ్గా కూర్చోలేదు.

"మొనలు ఎన్ని మార్చానో లెక్కలేదమ్మా" అన్నాడు. "పిడి మాత్రం మా నాయనది."