విదురుణ్ణి పిలిపించిన రాత్రి

మా వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు విదుర నీతి ఓ ముక్క పెడతారు. పండితుడు ఇలా ఉండాలి, మూర్ఖుడు ఇలా ఉంటాడు అని. అదంతా విన్న పెద్దాయన చివర్లో ఏమన్నాడో మాత్రం ఎవరూ పెట్టరు.

పాండవుల దగ్గరికి రాయబారం వెళ్లొచ్చిన సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి నాలుగు మాటలని, ధర్మరాజు చెప్పింది రేపు సభలో చెప్తానని వెళ్లిపోయాడు. రాజుకి నిద్ర పట్టక విదురుణ్ణి పిలిపించాడు. బలవంతుడితో పెట్టుకున్న బలహీనుడికి, సొమ్ము పోయినవాడికి, కాముకుడికి, దొంగకి నిద్ర పట్టదని చెప్పి, 'పరుల సొమ్ము మీద ఆశ కాదు కదా నీ బాధ?' అన్నాడు విదురుడు. రాజుని పట్టుకుని! ఆయనకి కోపం రాలేదు. ఇంకా చెప్పమన్నాడు. ఎక్కడ మొదలెట్టినా విదురుడు పాండవుల రాజ్యం పాండవులకిచ్చెయ్ అనే దగ్గరికే వచ్చేవాడు.

అంతా విని రాజు అన్నది ఇది: 'నువ్వు చెప్పిందే నిజం. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ దుర్యోధనుణ్ణి కలవగానే బుద్ధి మళ్లీ తిరిగిపోతుంది.' అంతా విధి అని కూడా అన్నాడు. ఆ వెంటనే, 'ఇంకేమైనా మిగిలితే చెప్పు, నువ్వు చిత్రంగా మాట్లాడతావు' అన్నాడు!

నేను చాలా ఏళ్లు ఒక కంపెనీలో ఇంటర్నల్ ఆడిట్ చూశాను. మా ఓనరు గారు ఏటా మార్చి నెలాఖరులో తలుపేయించి, "మొహమాటం వద్దండీ, ఉన్నదున్నట్టు చెప్పండి" అనేవారు. స్టాకు రిజిస్టరు తెరిచి, బావమరిది గారు చూసే గోడౌన్లో ఏ సరుకు కాగితం మీదే ఉందో చూపించేవాణ్ణి. ఆయన ఎర్ర పెన్నుతో గీతలు గీసుకునేవారు. "మీరొక్కరే నాకు నిజం చెప్తారు" అని కాఫీ తెప్పించేవారు. నటన కాదది, నిజంగానే మెచ్చుకునేవారు. ఏప్రిల్లో గోడౌన్ తాళాలు మాత్రం బావమరిది జేబులోనే.

నోరెత్తనివ్వని యజమాని కన్నా ఇలాంటివాళ్లతోనే కష్టం ఎక్కువ. విన్నాక వాళ్ల మనసు తేలికపడుతుంది, దాంతో చెయ్యాల్సింది చేసేసినట్టే ఉంటుంది వాళ్లకి.

అంతకుముందు అరణ్యపర్వంలోనూ ఇదే సలహా. అప్పుడు మాత్రం ధృతరాష్ట్రుడికి ఒళ్లు మండి, నీ ఇష్టమొచ్చిన చోటికి పొమ్మన్నాడు. విదురుడు కామ్యకవనానికి, పాండవుల దగ్గరికే వెళ్లిపోయాడు. తమ్ముడు లేకపోయేసరికి ఈయనకి బెంగ. సంజయుణ్ణి పంపి రప్పించుకుని, ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల మూర్కొని, క్షమించమని అడిగాడు. రాజ్యం మాత్రం ఇవ్వలేదు.