నువ్వు బాగుచేయొద్దు నాన్నా

"నువ్వు బాగుచేయొద్దు నాన్నా. కంప్యూటర్ బాగుచేస్తూ చేస్తూ నాకు క్లాసు పీకుతావు." హైస్కూల్లో ఉన్న మావాడి మాట ఇది. గేమ్ ఆడుతుంటే కొన్ని సెకన్లకోసారి బొమ్మ బిగుసుకుపోతోంది, దాంతోపాటే హెడ్‌సెట్‌లో టప్పుమని శబ్దం. గ్రాఫిక్స్ కార్డు పాతబడింది, కొత్తది కొనాల్సిందేనని వాడి వాదన. వాళ్ళమ్మ అనుమానమంతా ఇంటర్నెట్ మీద.

ఆ టప్పు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పార్టులు కొనుక్కుని కంప్యూటర్ బిగించుకున్న తరం మాది. సౌండ్ కార్డుకి మామూలుగా ఐఆర్‌క్యూ 5 ఇచ్చేవాళ్ళం. ఐఆర్‌క్యూ అంటే పరికరం "నన్ను చూడు" అని ప్రాసెసర్‌ని పిలిచే లైను. అదే నంబర్ మీద ఇంకో కార్డు కూర్చుంటే ఇక యుద్ధమే. మొత్తం ఉన్నవే 16 లైన్లు. కీబోర్డు, ఫ్లాపీ, హార్డ్ డిస్కుల్లాంటివి అందులో సగానికి పైగా ముందే తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు ఆపుకునేవి. కార్డు ఊడబీకి, నంబర్ మార్చే చిన్న తొడుగుని, అదే జంపర్‌ని, పక్క పిన్నుకి జరిపి, మళ్ళీ బిగించి, దణ్ణం పెట్టుకుని స్విచ్ వేయడమే.

ఇదంతా మావాడికి చెప్పబోయాను. "నాన్నా, పాయింట్‌కి రా" అన్నాడు.

సరే, పాయింటే. ఇప్పుడు ఆ నంబర్ల గొడవ విండోస్ చూసుకుంటుంది. తగాదా మాత్రం వేరే రూపంలో అలాగే ఉంది. సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికే టైమ్ 16.7 మిల్లీసెకన్లు. ఈలోగా ఏదో ఒక డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రాం, ప్రాసెసర్‌ని పట్టుకుని వదలకపోతే ఫ్రేము ఆలస్యమవుతుంది. సౌండ్‌ని ముందుగా నింపి ఉంచే బఫర్ కూడా ఖాళీ అయిపోయి టప్పుమంటుంది. ఎవరు ఎంతసేపు పట్టుకున్నారో లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం చూపిస్తుంది.

విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే మా ఇంట్లో సౌండ్ పరికరాలు ఇన్నున్నాయా అనిపించింది. మదర్‌బోర్డుది ఒకటి, గ్రాఫిక్స్ కార్డు హెచ్‌డీఎంఐ ద్వారా మానిటర్‌కి పంపేది ఒకటి, యూఎస్‌బీ హెడ్‌సెట్, వెబ్‌క్యామ్ మైకు. కేబుల్‌తో తగిలించిన గేమ్ కంట్రోలర్ కూడా నేనూ సౌండ్ పరికరాన్నేనంటూ జాబితాలో చేరింది.

హెడ్‌సెట్ తప్ప అన్నీ ఒకేసారి డిజేబుల్ చేస్తే అయిపోయేది. అలా చేస్తే దోషి ఎవరో తెలియదు కదా, ఒక్కొక్కటే తీసి ఆడి చూద్దామన్నాను. పద్ధతి అదే, అబద్ధమేం లేదు. కాకపోతే వాడు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చాలా కాలమైంది. తొందరేముందిలే అని కూడా అనిపించింది.

శనివారం గేమ్ గంటసేపే అని రూలు పెట్టింది నేను. టెస్టింగ్ పేరుతో రాత్రి పదకొండు దాకా ఆడించిందీ నేనే. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి "ఇది ఏ రూలు కిందికొస్తుంది?" అని అడిగింది. నేను నీళ్ళు నములుతుంటే వాడే అందుకుని "ఎడ్యుకేషన్ అమ్మా" అన్నాడు.

చివరికి దొరికింది ఎవరూ వినని మానిటర్ స్పీకర్ల సౌండ్. దాన్ని డిజేబుల్ చేశాక లేటెన్సీమాన్ జాబితాలో పైనున్న డ్రైవర్ కిందికి దిగింది, బొమ్మ ఆగడం పోయింది. హెడ్‌సెట్‌ని యూఎస్‌బీ హబ్ నుంచి తీసి నేరుగా వెనక పోర్టుకి పెడితే మిగిలిన టప్పులూ పోయాయి. మీ ఇంట్లో ఇలాగే ఉంటే కొత్త కార్డుకి డబ్బులు పోసే ముందు ఇవి చూసుకోండి.

పిల్లలతో మాటలు కలవాలంటే వాళ్ళకిష్టమైన వాటిలో మనమూ దూరాలని కూడా రాద్దామనుకున్నాను. కానీ నేను దూరింది వాడి గేమ్‌లోకా, నా జంపర్ల కాలంలోకా అన్నది తేలడం లేదు. తెలుగు బడిలో నోరు మెదపనివాడు ఆ రాత్రి "ఇది తీసేయనా?", "ఇంకా ఆగుతోంది నాన్నా" అని తెలుగులోనే మాట్లాడాడు. తెలుగులో అడిగితే నాన్న చేత పని చేయించుకోవచ్చని కనిపెట్టాడేమో. అదే అయితే సంతోషించాలా, ఏడవాలా?

మర్నాడు మా అమ్మ వీడియో కాల్ చేసి, "నీ నోరు కదులుతోంది గానీ మాట రావట్లేదురా" అంది. వెబ్‌క్యామ్ మైకు డిజేబుల్‌లోనే వదిలేశాం మరి. వాడు వచ్చి ఎనేబుల్ చేసి, "నాయనమ్మా, ఇప్పుడు వినిపిస్తోందా?" అన్నాడు. ఆవిడ వాడిని తిన్నావా, ఏం కూర, ఎవరు వండారు అని వరసపెట్టి అడిగింది. కాల్ అవగానే జాగ్రత్తగా మళ్ళీ డిజేబుల్ చేసి వెళ్ళాడు.

ఆ మైకు వల్ల గేమ్‌కి ఏ ఇబ్బందీ లేదని శనివారమే తేలింది. వాడు మర్చిపోయినట్టున్నాడు. నేనూ గుర్తు చేయలేదు. ప్రతి ఆదివారం వాడే వచ్చి ఆన్ చేస్తున్నాడు.